పోటు ఆపే తూము

కోనసీమలో పోటంటే రెండు. అంతర్వేది దగ్గర సముద్రం ఎగదన్నేదీ పోటే, తలలో నరం లాగేదీ పోటే. ఆ మధ్య మా మేనకోడలి పురిటికని అమలాపురంలో ఓ ఆస్పత్రి వరండాలో రాత్రంతా కూర్చున్నప్పుడు, ఈ రెండు పోట్లకీ మాటలోనే కాదు, పనితీరులోనూ చుట్టరికం ఉందనిపించింది.

అసలు గొడవ ఎక్కడొచ్చిందంటే, నొప్పులు మొదలయ్యాక పిల్ల ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా వీపులోంచి ఇచ్చే మందు, కావాలంది. మా అమ్మ ఒప్పుకోలేదు. "నొప్పులు పడకుండా కాన్పేంట్రా? వీపులో సూది గుచ్చితే జన్మంతా నడుం నొప్పే" అని ఆవిడ పట్టు. నిజానికి ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లనీ తీసుకోనివాళ్లనీ పోల్చి చూసిన పరిశోధనల్లో దీర్ఘకాలపు నడుం నొప్పిలో తేడా కనపడలేదు. సూది గుచ్చిన చోట నాలుగు రోజులు సలుపు ఉండొచ్చు, అంతే. ఆ మాట అమ్మకి చెప్పి నెగ్గినవాడు మా ఇంట్లో ఇంకా పుట్టలేదు.

నేను మాత్రం ఇందులో వాడే మొద్దుబార్చే మందుల గురించి ఫోన్లో నాలుగు ముక్కలు చదివేసి, మత్తు డాక్టరమ్మ రాగానే తెలివిగా అడిగాను: "మేడమ్, బుపివకెయిన్ ఇస్తారా, రోపివకెయినా? రెండోది మంచిదంటున్నారు." ఆవిడ నవ్వి, "పేరు తర్వాత చూద్దామండీ. ఎంత పలచగా కలుపుతారని అడగండి ముందు" అన్నారు. ఆ జవాబు వెనకాల నలభై ఏళ్ల కథ ఉందని తర్వాత తెలిసింది.

అది అర్థం కావాలంటే ముందు ఉప్పు సంగతి చూడాలి. నరంలో నొప్పి కబురు నడిచేది ఉప్పులోని సోడియంతోనే. నరం పొడవునా బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ. పొర మీద సన్నటి ద్వారాలుంటాయి. ఒకటి తెరుచుకుంటే సోడియం లోపలికి తోసుకొస్తుంది, ఆ తోపుకి పక్క ద్వారం తెరుచుకుంటుంది, అలా కబురు మెదడుదాకా పాకుతుంది. మన దిగువ ఊళ్లలో మురుగుకాలవ మొగన తూము తలుపు పాడైతే పోటు సమయంలో ఉప్పునీరు కాలవలోకి ఎలా ఎగబాకుతుందో చూసినవాళ్లకి ఇంకో బొమ్మ అక్కర్లేదు. ఈ మందులు చేసేది ఆ తలుపు తెరుచుకోకుండా బిగించడమే. చిత్రమేమిటంటే మందు బయటినుంచి అడ్డం పడదు. కొవ్వు పొరని దాటుకుని నరంలోపలికి దూరి, లోపలివైపు నుంచి ద్వారాన్ని పట్టుకుంటుంది. అందుకే మందు కొవ్వులో ఎంత బాగా కరిగితే అంత బలం.

మన దగ్గర చాలామంది ఆడవాళ్లకి బుపివకెయిన్ పరిచయమే, పేరు తెలియదు గానీ. ఆంధ్రలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఆ ఆపరేషన్లకి వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్ మామూలుగా ఇదే మందు, ఇంచుమించు రెండు మిల్లీలీటర్లు, చిక్కగా. నడుం కిందంతా మొద్దుబారిపోతుంది, కాళ్లు మనవి కానట్టుంటాయి. కోతకి అదే కావాలి. కాన్పుకి అలా కాదు. నొప్పి పోవాలి, కాళ్లు కదలాలి, చివర్లో బిడ్డని తోసే బలం మిగలాలి. చోటు కూడా వేరు. కొబ్బరికాయతో పోలిస్తే, సిజేరియన్ సూది నీళ్లదాకా వెళ్తుంది, ఎపిడ్యూరల్ సూది చిప్ప బయటే ఆగిపోతుంది.

ఆ ఆగడం చూడాలి. పిల్లని మంచం అంచున కూర్చోబెట్టి రొయ్యలా వంగమన్నారు. వెన్నుపాము ముగిసిపోయిన తర్వాత, ఇంకా కిందుగా, రెండు పూసల నడుమ లావుపాటి సూది. దాని వెనక సెలైన్ నింపిన సిరంజి. డాక్టరమ్మ బొటనవేలు పిస్టన్ మీద ఆనించి మెల్లగా నెడుతుంటే అది కదలదు, పూసల్ని కలిపి పట్టే గట్టి బంధనం అడ్డం. ఉన్నట్టుండి అడ్డు వదిలేసి పిస్టన్ జారిపోతుంది. అక్కడితో సూది ఆపి, అందులోంచి దారంలాంటి గొట్టం దూర్చి, సూది లాగేసి, గొట్టాన్ని వీపు మీదుగా భుజందాకా ప్లాస్టరుతో అంటించేశారు. ముందు కొద్దిగా మందు పోసి చూస్తారు, గొట్టం పొరపాటున రక్తనాళంలోకో వెన్నునీటిలోకో వెళ్లలేదు కదా అని.

రక్తనాళం అంటే ఎందుకంత భయమో 1979లో తెలిసింది. అమెరికాలో ఆల్‌బ్రైట్ అనే మత్తు వైద్యుడు బుపివకెయిన్, దాని తోటి మందు ఎటిడొకెయిన్ రక్తంలోకి పడ్డాక గుండె ఆగిపోయిన ఘటనలు బయటపెట్టారు. గుండెకీ అలాంటి సోడియం ద్వారాలే ఉన్నాయి మరి. లిడొకెయిన్ అనే మరో మొద్దుబార్చే మందు వాటిలో దూరినా ఒక గుండెచప్పుడుకీ ఇంకో చప్పుడుకీ మధ్య బయటికొచ్చేస్తుంది. బుపివకెయిన్ చప్పున దూరుతుంది, ఒక పట్టాన వదలదు. 1980ల మొదట్లో అమెరికాలో 0.75 శాతం చిక్కదనం మందుని కాన్పుల్లో వాడొద్దన్నారు. ఇప్పుడైతే పొరపాటు జరిగితే రక్తనాళంలోకి ఎక్కించడానికి 20 శాతం కొవ్వు ద్రావణం ఉంది. ఎపిడ్యూరల్ ఇచ్చే చోట అది చేతికందేలా ఉండాలి.

ఆ భయంలోంచే కొత్త మందుల వేట మొదలైంది. బుపివకెయిన్ అణువులో రెండు రకాలు సగంసగం కలిసి ఉంటాయి, ఎడమకాలి చెప్పూ కుడికాలి చెప్పూ లాగ, అద్దంలో బింబాల్లా. గుండెని ఎక్కువ బాధించేది అందులో ఒక రకం. రెండోదాన్ని మాత్రమే ఉంచితే లీవోబుపివకెయిన్. రోపివకెయిన్ కూడా ఒంటి రకమే. పైగా దానికి తోక పొట్టి: బుపివకెయిన్ తోకలో నాలుగు కార్బన్లుంటే దీనికి మూడే. తోక పొట్టిదైతే కొవ్వులో కరుగుడు తక్కువ, లావుగా ఉండే కదలిక నరాల్లోకి చొరబాటూ తక్కువ. 1996లో బజారుకొచ్చింది. సమాన శాతంలో పోల్చి చూసి, రోపివకెయిన్ ఇచ్చినవాళ్లకి కాళ్లు తక్కువ మొద్దుబారుతున్నాయని అందరూ సంబరపడ్డారు.

అయితే సమాన శాతం అంటే సమాన బలమేనా? ఘాటు తక్కువ మిరపకాయలతో కూర వండి, ఈ వంటమనిషిది చల్లని చెయ్యి అన్నట్టు కాలేదూ? దీన్ని తేల్చడానికి పరిశోధకులు పట్టిన ఉపాయం నాకు తెగ నచ్చింది. మొదటి తల్లికి ఒక చిక్కదనం ఇస్తారు. నొప్పి తగ్గితే తర్వాతి తల్లికి 0.01 శాతం తగ్గిస్తారు, తగ్గకపోతే అంతే పెంచుతారు. అలా ఎక్కుతూ దిగుతూ పోతే సగంమందికి సరిపోయే చిక్కదనం దగ్గర లెక్క నిలుస్తుంది. 1999లో ఒక బృందానికి బుపివకెయిన్‌కి 0.067, రోపివకెయిన్‌కి 0.111 శాతం వచ్చింది. అదే ఏడు మరో బృందానికి అంకెలు వేరుగా వచ్చినా నిష్పత్తి అదే, 0.6. అంటే కొత్త మందుది పాత మందు బలంలో ఆరు పదోవంతులే. కాళ్లు మొద్దుబారకపోవడంలో చాలా భాగం మందు మంచితనం కాదు, నీరసం! లీవోబుపివకెయిన్ మాత్రం బలంలో పాతదానికి ఇంచుమించు జోడీయే.

2001లో బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా తల్లుల మీద జరిగిన కామెట్ పరీక్ష ఇంకా సూటిగా తేల్చింది. అందులో రెండు మందులు లేవు. బుపివకెయినే, పాత పద్ధతిలో 0.25 శాతం ఒకవైపు, ఫెంటానిల్ అనే నల్లమందు జాతి నొప్పిమందు కలిపి పలచన చేసింది ఇంకోవైపు. పాత పద్ధతిలో నూటికి 35 మంది పరికరాలూ కోతా లేకుండా కంటే, పలచన మందుతో 43 మంది కన్నారు. ఎపిడ్యూరల్ ఇస్తే పట్టకారు వేసి లాగాల్సొస్తుందన్న చెడ్డపేరు చాలావరకు ఆ చిక్కటి మందుల కాలం నాటిదే.

ఆస్పత్రిలో కలిపే లెక్క చాలా తేలిక. 0.5 శాతం బుపివకెయిన్ సీసా 20 మిల్లీలీటర్లు, అందులో మందు 100 మిల్లీగ్రాములు. దానికి 80 సెలైన్ చేరిస్తే 0.1 శాతం. మిల్లీలీటరుకి రెండు మైక్రోగ్రాముల ఫెంటానిల్ తోడైతే ఇంత పలచనా చాలుతుంది. చెరువులో ఉప్పదనం కొలిచి మరీ రొయ్యపిల్ల వదిలే మా బావకి ఇది చెప్పగానే అర్థమైంది. ఫెంటానిల్ మాదకద్రవ్యాల చట్టం కింద ఉన్న మందు, అనుమతీ రిజిస్టరూ కావాలి. రోపివకెయిన్‌కి ధర ఎక్కువ. నన్నడిగితే, పలచగా కలిపి గంటగంటకీ చూసే మనిషి ఉన్నచోట పాత బుపివకెయిన్‌కి వచ్చిన లోటేమీ లేదు. బీపీ పడిపోవచ్చు, ఫెంటానిల్ వల్ల దురద రావచ్చు, అరుదుగా వెన్నునీటి పొర చిల్లుపడి తలపోటు రావచ్చు. ఇవి బుపివకెయిన్‌తోనైనా రోపివకెయిన్‌తోనైనా ఉన్నవే.

నర్సమ్మ పొట్ట మీదా తొడ మీదా ఐసుముక్క ఆనించి "చల్లగా ఉందామ్మా?" అని అడిగింది. లేదంది పిల్ల. భుజం మీద పెడితే ఉలిక్కిపడింది. డాక్టరమ్మ కాలెత్తమన్నారు. ఎత్తింది, రెండో కాలు కూడా. తలుపు సందులోంచి చూస్తున్న మా అమ్మ నా చెయ్యి గిల్లింది. "కాళ్లు కదులుతున్నాయి కదరా, మందు పనిచెయ్యలేదు. వెళ్లి అడుగు."