వెన్నుపాము దెబ్బలు, స్టెమ్ సెల్ వీడియోలు: అపోహలు – వాస్తవాలు

సాయంత్రం నాలుగు దాటితే వార్డులోని రోగుల బంధువులు ఒక్కొక్కరే నా గది గుమ్మం దగ్గరికి వస్తారు. చేతిలో ఫోను, ఫోనులో ఇంచుమించు ఒకే వీడియో. చక్రాల కుర్చీలో ఒక మనిషి, ఆ తర్వాత అదే మనిషి రెండు కడ్డీలు పట్టుకుని నడుస్తూ. కింద స్టెమ్ సెల్ (వేరే రకాల కణాలుగా మారగల మూలకణం) ఇంజెక్షన్‌తోనే నడిచాడన్న మాట, ఒక ఫోన్ నంబరు. తల, వెన్నుపాము గాయాల మీద జరిగే క్లినికల్ ట్రయల్స్, అంటే చికిత్స పనిచేస్తుందో లేదో రోగుల్లో పరీక్షించి చూసే అధ్యయనాల సమన్వయం నా ఉద్యోగం. నోటితో చెప్పి చెప్పి అలిసిపోయి ఇది రాస్తున్నాను.

అపోహ: స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో దెబ్బతిన్న వెన్నుపాము మళ్లీ పనిచేస్తుంది. డబ్బు కడితే ట్రయల్‌లో చేర్చుకుంటారు.

ఆ మధ్య ఒక గీత కార్మికుడు తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. నడుము దగ్గర వెన్నుపూస నలిగిపోయింది. ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు బిగించారు. మూడో నెలలో అతని అన్న వచ్చి, "ఆరు లక్షలట మేడమ్. ట్రయల్ అట. ఎకరం బేరం పెట్టాం" అన్నాడు. అప్పటికే యాభై వేలు అడ్వాన్స్ ఇచ్చేశారు. రసీదు చూపించమన్నాను. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ట్రయల్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. "థెరపీ ప్యాకేజీ" అని ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో, సొమ్ము తిరిగి ఇవ్వబడదు అని.

ట్రయల్‌లో పరీక్షిస్తున్న చికిత్సకు పాల్గొనేవారి దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. ఆరు లక్షలు అడిగారంటే అది వ్యాపారం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో, కొన్ని రక్త సంబంధ వ్యాధులు, అలాంటి ఇతర జబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడిని మినహాయించి, మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా ట్రయల్‌గానే జరగాలని తేల్చి చెప్పింది. వెన్నుపాము దెబ్బ ఆ మినహాయింపులో లేదు. పైగా 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ట్రయల్స్‌ను సీటీఆర్‌ఐ అనే జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. కాబట్టి అడగాల్సిన మొదటి ప్రశ్న, నమోదు సంఖ్య ఎంత అని. ఆ సంఖ్య ఉన్నంత మాత్రాన మందు పనిచేస్తుందని హామీ ఏమీ లేదు. అది లేకపోతే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

"మరి వీడియోలో నడిచాడు కదా?" అని అందరూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వెన్నుపాము దెబ్బతో చేరినవారికి మేము పిన్నీసు పట్టుకుని కాలి మీద, తొడ మీద, చివరికి మలద్వారం పక్కన గుచ్చి చూస్తాం. మొన తగులుతోందా, మొద్దు వైపు తగులుతోందా చెప్పమంటాం. కళ్లు మూసుకుని చెప్పాలి. సిగ్గుతో చచ్చిపోతారు పాపం, కానీ మలద్వారం పక్కన పిన్నీసు మొన తెలిసిందంటే కాళ్లలో కొంత కదలిక తిరిగి వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది, ఏ ఇంజెక్షనూ లేకుండానే. ఈ కోలుకోవడం మొదటి మూడు నెలల్లో చురుగ్గా సాగుతుంది, ఆ తర్వాత కూడా నెలల తరబడి ఉంటుంది. ఇంజెక్షన్ అమ్మేవాళ్లు వల వేసేది కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. మా గీత కార్మికుడికి చేరినప్పుడే ఆ మొన తెలిసింది. ఐదో నెలలో ఎడమ కాలి బొటనవేలు కదిపాడు. ఆ అన్న ఎకరం అమ్మి ఉంటే, ఆ బొటనవేలు ఇంకో వీడియోలో ఉండేది.

ఇంజెక్షన్ వల్ల పోయేదేముంది అనేవారికి ఒక సంగతి. స్టెమ్ సెల్స్ ఉండే ముక్కు లోపలి పొర కణజాలాన్ని వెన్నుపాములో పెట్టించుకున్న ఒక యువతికి, ఎనిమిదేళ్ల తర్వాత సరిగ్గా అక్కడే గడ్డ పెరిగి, జిగురు స్రవిస్తూ కనిపించింది. 2014లో వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇది. అంతకన్నా మామూలుగా జరిగే నష్టం ఇంకోటి ఉంది. డబ్బంతా ఇంజెక్షన్‌కు పోయాక ఫిజియోథెరపీకి మిగలదు, గాలి పరుపుకు మిగలదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పేవారు లేక నడుము కింద పుండు పడుతుంది. నేను చూసిన మరణాల్లో ఎక్కువ భాగం ఆ పుండ్లతో, మూత్రంలో చీముతో పోయినవే.

అపోహ: ట్రయల్ అంటే చీటీ తీసి వైద్యం చేయడం, మనుషుల్ని ఎలుకల్లా వాడుకోవడం.

చీటీ తీసే మాట నిజం. ఎవరికి అసలు మందు, ఎవరికి ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి డోసు) అన్నది అలాగే తేలుతుంది. ఎందుకంటే డాక్టర్ల నమ్మకం కూడా తప్పవుతుంది. తలదెబ్బకు స్టెరాయిడ్ ఇస్తే వాపు తగ్గి బతుకుతారని దశాబ్దాల పాటు నమ్మారు. క్రాష్ అనే పెద్ద ట్రయల్‌లో 10,008 మందిని అలా విడదీసి చూశారు. రెండు వారాల్లో మరణాలు స్టెరాయిడ్ ఇచ్చినవారిలో 21.1 శాతం, ప్లసీబో ఇచ్చినవారిలో 17.9 శాతం. 2004లో ఆ ఫలితం రాకపోయి ఉంటే మంచి చేస్తున్నామనుకుంటూ ఇంకా ఎంతమందిని పోగొట్టుకునేవాళ్లమో. ప్లసీబో వచ్చినవారికి కూడా మిగతా వైద్యమంతా మామూలుగానే అందుతుంది. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు ఉన్నాయి. సమ్మతి పత్రం మీ భాషలో ఉండాలి, పాల్గొనేవారి హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు అందులో ఉండాలి. మధ్యలో మానేస్తే ఎవరూ ఏమీ అనకూడదు.

అపోహ: తలదెబ్బకు పనిచేసే మందు కొత్తగా ఏదీ తేలలేదు.

రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ పాత మందే, చవకైనదే. ఓ మాదిరి తలదెబ్బల్లో మూడు గంటల లోపు ఇస్తే మరణాలు తగ్గుతాయని 2019లో క్రాష్-3 అనే మరో ట్రయల్ చూపింది. ఆ మూడు గంటల్ని ఊళ్లో కట్టు కట్టించుకుంటూ పోగొట్టకండి.

మొన్న ఆ అన్న ఫోన్ చేశాడు. అడ్వాన్స్ తిరిగి రాలేదు. ఎకరం మాత్రం నిలిచింది. తమ్ముడు వాకర్‌తో గుమ్మం దాకా వస్తున్నాడట. "ఇంకో చోటి నుంచి మళ్లీ వీడియో పంపారు మేడమ్. నమోదు సంఖ్య అడిగాను. ఫోను పెట్టేశారు" అన్నాడు.