మీ రేపటి ప్రయాణం మీ ఫోన్‌కు తెలుసా? కదలికల అంచనాపై అపోహలు - వాస్తవాలు

మొబైల్ ఫోన్ల లొకేషన్ డేటాను విశ్లేషించి, నగరంలో జనం ఏ వేళకు ఎక్కడ ఉంటారో, అక్కడి నుంచి ఎటు కదులుతారో అంచనా కట్టడం నా వృత్తి. బస్సుల వేళలు నిర్ణయించేవారికీ, కొత్త రోడ్డు ఎక్కడ అవసరమో తేల్చేవారికీ ఈ అంచనాలు పనికొస్తాయి. నా పని గురించి విన్నవారిలో కొందరు "అయితే నేను రేపు ఎక్కడికి వెళ్తానో మీకు ఇప్పుడే తెలిసిపోతుందా?" అని ఉలిక్కిపడతారు, మరికొందరు "మనిషి మనసు ఎటు మళ్లుతుందో యంత్రానికేం తెలుస్తుందండీ" అని కొట్టిపారేస్తారు. నిజానికి మేము పట్టుకోగలిగేది మనిషి అలవాటును. ఆ అలవాటు తప్పిన రోజున అతను ఎటు వెళ్తాడన్నది మాకు చాలావరకు అందదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే కింది అపోహల్లో ఎక్కువ భాగం పుట్టాయి.

అపోహ: మనిషి తర్వాత ఎక్కడికి వెళ్తాడో 93 శాతం కచ్చితంగా చెప్పవచ్చని శాస్త్రవేత్తలు నిరూపించారు.

వాస్తవం: మా రంగంలో ఇంతగా అపార్థానికి గురైన అంకె మరొకటి లేదు. 2010 ఫిబ్రవరిలో 'సైన్స్' పత్రికలో చావోమింగ్ సాంగ్, ఆల్బర్ట్ లాస్లో బరబాసీ, వారి సహచరులు ప్రచురించిన పరిశోధన పత్రంలోనిది ఇది. వారు 50,000 మంది వినియోగదారుల మూడు నెలల కాల్ రికార్డులను తీసుకుని, ఒక్కొక్కరు గంటగంటకూ ఏ టవర్ పరిధిలో ఉన్నారో వరుసగా పేర్చి, ఆ వరుసలో అనిశ్చితి ఎంత ఉందో ఎంట్రోపీ అనే కొలతతో లెక్కగట్టారు. అంతటి అనిశ్చితి ఉన్నప్పుడు, ఎంత గొప్ప పద్ధతి కనిపెట్టినా సగటున 93 శాతానికి మించి సరైన జవాబు చెప్పడం సాధ్యం కాదని తేలింది. అంటే 93 అనేది పైహద్దు మాత్రమే. ఎవరో ప్రోగ్రాం రాసి, పరీక్షించి, సాధించిన ఫలితం కాదు. పైగా వారు తీసుకున్నది ఫోను తరచుగా వాడేవారిని, కనీసం రెండు టవర్లకు మించి తిరిగినవారిని. అరుదుగా కాల్ చేసేవారి గురించి ఆ పత్రం ఏమీ చెప్పదు.

అసలు చిక్కు "గంటగంటకూ" అన్న మాటలో ఉంది. రాత్రి రెండింటికి ఇంట్లో ఉన్న మనిషి మూడింటికి ఎక్కడ ఉంటాడని అడిగితే, "ఇంట్లోనే" అనడానికి ఏ మోడలూ, అంటే అంచనా కట్టే ఏ ప్రోగ్రామూ, అక్కర్లేదు. కానీ ఆ జవాబుకూ మార్కు పడుతుంది. నిద్ర, ఉద్యోగం కలిస్తే రోజులో ఎక్కువ గంటలు అలాంటివే. అందుకే ఎవరైనా తమ మోడల్ కచ్చితత్వాన్ని గొప్పగా చూపిస్తే, "ఇప్పుడున్న చోటే ఉంటాడు" అని ప్రతిసారీ కళ్లు మూసుకుని చెప్పే నియమానికి అదే డేటాపై ఎన్ని మార్కులు వచ్చాయని మేము ముందుగా అడుగుతాం. ఈ ప్రశ్నకు సిద్ధంగా జవాబు ఉన్నవారు తక్కువ. "ఇక్కడి నుంచి కదిలితే చేరబోయే వేరే చోటు ఏది?" అని ప్రశ్న మార్చితే కథ మారిపోతుంది. 2017లో వచ్చిన ఒక పత్రం ఇలాగే ప్రశ్న మార్చి చూసినప్పుడు పైహద్దే దాదాపు 71 శాతానికి దిగింది.

ఆ 2010 పత్రంలో నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసేది మరో విషయం. ఊరు దాటనివారికీ, వందల కిలోమీటర్లు తిరిగేవారికీ ఈ హద్దు దాదాపు ఒకేలా వచ్చింది. ఎక్కువగా తిరిగేవారి జాడ పట్టుకోవడం కష్టమని మనం సహజంగా అనుకుంటాం. కానీ ప్రతి శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కి విజయవాడ వెళ్లి, సోమవారం తెల్లవారుజామున తిరిగొచ్చే ఉద్యోగి ప్రయాణం ఎంత పొడవైనదైనా మోడల్‌కు చాలా తేలిక. దూరం ఎంతన్నది మోడల్‌ను ఇబ్బంది పెట్టదు, క్రమం తప్పడమే ఇబ్బంది పెడుతుంది.

అపోహ: ఫోన్ డేటాలో మనిషి నిల్చున్న చోటు మ్యాపు మీద చుక్కలా కనిపిస్తుంది.

వాస్తవం: అది ఏ డేటా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫోన్‌లోని జీపీఎస్ ఆరుబయట సుమారు ఐదు మీటర్ల తేడాతో చోటు చెప్పగలదు, ఎత్తైన భవనాల మధ్యా ఇళ్ల లోపలా అది చెదిరిపోతుంది. టెలికాం సంస్థల దగ్గరుండే కాల్ రికార్డు, అంటే అందరూ సీడీఆర్ అని పిలిచేది, వేరే సంగతి. లొకేషన్‌కు సంబంధించి అందులో ఉండేది కాల్ ఎప్పుడు మొదలైంది, ఏ సెల్ ద్వారా నడిచింది అన్నదే. సెల్ అంటే టవర్ సిగ్నల్ అందే ప్రాంతం. దాని వెడల్పు నగరంలో కొన్ని వందల మీటర్లు ఉంటే, పల్లెల్లో కొన్ని కిలోమీటర్లు ఉంటుంది.

శుభ్రం చేయని డేటా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూడండి. ఒకే ఫోను రాత్రి 11:40కి ఒక సెల్‌లో, 11:52కి రెండు కిలోమీటర్ల అవతలి సెల్‌లో, 12:05కి మళ్లీ మొదటి సెల్‌లో నమోదైంది. మనిషి మంచం దిగలేదు. రెండు టవర్ల సిగ్నల్ దాదాపు సమానంగా అందే చోట, ఒకదానిపై రద్దీ పెరిగినా, సిగ్నల్ కాస్త తగ్గినా ఫోను రెండోదానికి మారుతుంది. చెరువు గట్టు మీది ఇళ్లలో, నీటిపై అడ్డేమీ ఉండదు కాబట్టి, అవతలి ఒడ్డు టవర్ అందడం మామూలే. దీన్ని మేము పింగ్‌పాంగ్ అంటాం. ఇలాంటి వరుసలను అలాగే మోడల్‌కు అందిస్తే, రాత్రంతా చెరువు దాటుతూ తిరిగే మనిషి ఒకడు తయారవుతాడు. ఇంకా విచిత్రమేమిటంటే, మోడల్ ఆ లేని ప్రయాణాలను కూడా చక్కగా నేర్చుకుని, ఊహించి, మార్కులు కొట్టేస్తుంది. కొద్ది నిమిషాల్లోనే వెళ్లి వచ్చినట్టున్న జతలను గుర్తించి, ఎక్కువసేపు నమోదైన సెల్‌కే రెండింటినీ చేర్చడం మా పనిలో మొదటి మెట్టు. మోడల్ కట్టడానికి పట్టే సమయం కంటే దీనికే ఎక్కువ పడుతుంది.

అపోహ: కృత్రిమ మేధ మన ఉద్దేశాలను చదివేస్తుంది.

వాస్తవం: లోపల జరిగేది చాలావరకు లెక్కపెట్టడమే. ఈ చోటి నుంచి, వారంలోని ఈ రోజున, ఈ వేళకు ఇంతకు ముందు ఎక్కడెక్కడికి, ఎన్నేసిసార్లు వెళ్లాడన్న పట్టికే మార్కోవ్ మోడల్‌కు ఆధారం. ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులు ఇంకాస్త పొడవైన వరుసలను గుర్తుంచుకుంటాయి. ఒక మనిషి గతమే ఆధారమైనప్పుడు, అతను ఎన్నడూ అడుగు పెట్టని చోటు ఆ పట్టికలో ఉండదు. 2010లోనే బరబాసీ బృందం 'నేచర్ ఫిజిక్స్'లో చూపించినట్టు, మనం ప్రతి అడుగులోనూ తెలిసిన చోటికి తిరిగి వెళ్లడమో, కొత్త చోటికి వెళ్లడమో చేస్తాం. చూసిన చోట్లు పెరిగేకొద్దీ కొత్తదానికి వెళ్లే అవకాశం తగ్గుతూ వస్తుంది. కొత్త చోట్లకు ఎంత తరచుగా వెళ్తామో మేము సుమారుగా చెప్పగలం, ఆ కొత్త చోటు ఏదో చెప్పలేం. పెళ్లిచూపులు, ఇంటర్వ్యూ, పెద్దాసుపత్రికి మొదటి ప్రయాణం వంటి, మనుషులు నిజంగా గుర్తుపెట్టుకునే ప్రయాణాలన్నీ ఈ రెండో రకానివే.

అపోహ: నా లొకేషన్ నేను ఇవ్వకపోతే నా కదలికలను ఎవరూ అంచనా వేయలేరు.

వాస్తవం: 2009 నుంచి నోకియా పరిశోధన కేంద్రం స్విట్జర్లాండ్‌లోని లోజాన్ పరిసరాల్లో, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన దాదాపు 200 మందికి ఎన్95 ఫోన్లు ఇచ్చి, వారి అనుమతితో లొకేషన్, కాల్స్, బ్లూటూత్ వివరాలు సేకరించింది. ఆ డేటాపై 2012లో నిర్వహించిన పోటీలో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన డి డొమెనికో, లిమా, ముసొలేసీ ఒక చిన్న ఉపాయం చేశారు. ఒక మనిషి గతంతో పాటు, అతని పరిచయస్థుల కదలికలను కూడా కలిపి అంచనా కట్టారు. ఒక్కడి డేటాతో సుమారు కిలోమీటరు ఉన్న పొరపాటు, ఇద్దరిదీ కలిపితే 20 మీటర్ల దాకా తగ్గింది. ఆ పరీక్ష జరిగింది పాతికమంది మీద, అదీ ఒకే ప్రాంతంలో. కాబట్టి ఆ 20 మీటర్లను ప్రపంచమంతటికీ వర్తింపజేయడం తొందరపాటు అవుతుంది. కానీ దాని వెనకనున్న కారణం బలమైనదే. కలిసి టీ తాగేవారు, ఒకే బండి మీద ఆఫీసుకు వెళ్లేవారు, ఒకే ఇంట్లో ఉండేవారు కలిసే కదులుతారు. మీ భార్యో భర్తో, రూమ్మేటో లొకేషన్ ఇస్తూ ఉంటే, మీ సాయంత్రాల్లో చాలాభాగం వారి డేటాలోనే ఉంటుంది.

అపోహ: విపత్తులూ పండగలూ వస్తే అంచనాలన్నీ తారుమారవుతాయి.

వాస్తవం: 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చాక, లు, బెంట్సన్, హోల్మె అనే ముగ్గురు పరిశోధకులు అక్కడి 19 లక్షల మంది ఫోన్ వినియోగదారుల కదలికలను, పేర్లు లేని డేటా రూపంలో, పరిశీలించారు. 19 రోజుల్లో రాజధాని పోర్టోప్రిన్స్ జనాభా సుమారు 23 శాతం తగ్గింది. అంతటి గందరగోళంలో ఎవరు ఎటు పోయారో చెప్పలేమనే ఎవరైనా అనుకుంటారు. అయితే వారు చేరుకున్న చోట్లు, అంతకు కొద్దివారాల ముందు క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ వారు గడిపిన చోట్లతో గట్టిగా సరిపోలాయి. ఇల్లు కూలినవాళ్లు అయినవాళ్ల దగ్గరికి వెళ్లారు. సహాయ సామగ్రి ఎక్కడికి పంపాలో నిర్ణయించేవారికి ఇంతకంటే విలువైన సమాచారం ఉండదు.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి జరిగే ప్రయాణాల విషయమూ ఇంతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉన్న డేటా మాత్రమే చూసిన మోడల్, భోగి నాడు కూకట్‌పల్లిలో మామూలు రోజు లాంటి రద్దీనే ఊహిస్తుంది. అదే మోడల్‌కు కిందటేడు జనవరి కూడా చూపిస్తే, ఎవరి ఊరు గోదావరి జిల్లాల్లో ఉందో, ఎవరిది శ్రీకాకుళం వైపో దానికి తెలుస్తుంది. పండగ కూడా ఏడాదికోసారి వచ్చే అలవాటే. మూడు నెలల డేటాకు అది కనిపించదంతే. ఇక్కడ మరో తేడా గుర్తుంచుకోవాలి. ఒక వ్యక్తి ఈసారి ఊరికి వెళ్తాడా లేదా అన్నది తప్పిపోవచ్చు గానీ, వేలమందిని కలిపి చూసినప్పుడు ఒకరి తప్పును మరొకరి తప్పు చాలావరకు సరిచేస్తుంది. అదనపు బస్సులు ఎన్ని నడపాలో తేల్చడానికి ఏ ఒక్కరి పేరూ అక్కర్లేదు.

అపోహ: పేరూ నంబరూ తీసేస్తే ఆ డేటా ఎవరిదో తెలియదు.

వాస్తవం: తెలుస్తుంది. 15 లక్షల మంది 15 నెలల డేటాను పరిశీలించి 2013లో డి మోంజోయ్ బృందం తేల్చిందేమిటంటే, టవర్ స్థాయిలో, గంట తేడాతో నాలుగే నాలుగు చోట్లు తెలిస్తే 95 శాతం మందిని మిగతా అందరిలోంచి వేరు చేయవచ్చు. రాత్రిళ్లు ఉండే చోటు, పగలు ఉండే చోటు కలిస్తేనే చాలామంది బయటపడిపోతారు. అంచనా కట్టడాన్ని సులభం చేసే ఈ క్రమమే మనిషిని గుర్తుపట్టడాన్నీ సులభం చేస్తుంది.

అపోహ: లొకేషన్ ఆఫ్ చేస్తే అంతటితో సరి.

వాస్తవం: యాప్‌లకు జీపీఎస్ అందడం ఆగుతుంది, నెట్‌వర్క్‌కు మాత్రం మీరు సుమారుగా ఏ సెల్‌ల పరిధిలో ఉన్నారో తెలియాలి, లేకపోతే మీకు కాల్ రాదు. మన దేశంలో 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు నిబంధనలను సవరించి, ఈ రికార్డులను కనీసం రెండేళ్లు భద్రపరచాలని చెప్పింది. మరోవైపు, లేని సామర్థ్యాన్ని ఉన్నట్టు భావించడం న్యాయస్థానాల్లోనూ జరిగింది. బెయిలు పొందినవారు గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి దర్యాప్తు అధికారికి పంపాలన్న షరతును 2024 జూలైలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ పిన్‌తో మనిషిని ఎప్పటికప్పుడు వెంబడించడం సాధ్యం కాదని గూగుల్ సంస్థే కోర్టుకు తెలిపింది. అలాంటి నిఘా షరతు గోప్యత హక్కుకు విరుద్ధమని కూడా కోర్టు స్పష్టం చేసింది.

ఇక అంచనాల సంగతికొస్తే, ఈరోజు లొకేషన్ ఆపినా, నిన్నటిదాకా చేరిన డేటా ఎక్కడికీ పోదు. 2012లో ఆడం సాడిలెక్, జాన్ క్రమ్ వందలాది మంది జీపీఎస్ జాడలతో చేసిన పరిశోధనలో, వారంలోని రోజునూ వేళనూ బట్టి ఏర్పడిన క్రమం ఆధారంగా వారాలు, నెలల తర్వాతి చోటును కూడా చాలావరకు చెప్పగలిగారు. మీ ఇల్లూ, ఆఫీసూ, పిల్లల బడీ తెలిసిన మోడల్‌కు వచ్చే మంగళవారం ఉదయం పదకొండింటికి మీరు ఎక్కడ ఉంటారో చెప్పడానికి తాజా సమాచారం అక్కర్లేదు. ఇల్లు మారినప్పుడు మాత్రం పాత అంచనా పనికిరాదు, కొత్త ఇంట్లో కొన్ని రాత్రుల డేటా చేరేదాకా మోడల్ మిమ్మల్ని పాత వీధిలోనే వెతుకుతుంది.