గ్యాస్ రాయితీ పడలేదా? ముందు ఏ బ్యాంకుకు వెళ్తోందో చూడండి

సిలిండరు ధరలోనే రాయితీ తగ్గించి ఇచ్చే పద్ధతి పోయి, పూర్తి ధర కట్టించుకుని రాయితీని బ్యాంకులో వేసే ‘పహల్’ 2015 జనవరి 1న దేశమంతటా అమలులోకి వచ్చింది. అప్పటినుంచి గ్యాస్ ఏజెన్సీ కౌంటరులో నేను రోజూ వినే మాట ఒకటే: "పాస్‌బుక్కు జిరాక్సు మీకే ఇచ్చాను కదా, నా డబ్బు ఏదండీ?"

అపోహ: ఏజెన్సీలో ఇచ్చిన ఖాతాలోనే రాయితీ పడుతుంది.

వాస్తవం: కనెక్షన్‌కు ఆధార్ అనుసంధానమైతే ఆ ఖాతా నంబరుతో పనే లేదు. డబ్బు ఆధార్ నంబరును పట్టుకుని వెళ్తుంది. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఒక్కో ఆధార్‌కు ఎదురుగా ఒక్క బ్యాంకు పేరే ఉంటుంది. చివరిగా ఏ బ్యాంకు సీడింగ్ (రాయితీ డబ్బు పడేలా ఆధార్‌ను ఖాతాకు ముడిపెట్టడం) చేస్తే ఆ బ్యాంకే. కేవైసీ (ఖాతాదారు గుర్తింపు) కోసం నాలుగు బ్యాంకుల్లో ఆధార్ ఇచ్చి ఉండవచ్చు. అది వేరు, సీడింగ్ వేరు. ఈ రెండూ ఒకటేనని బ్యాంకు సిబ్బందే చెప్పి పంపేస్తుంటే నాకు కోపం వస్తుంది.

2018లో ఒకావిడ ఏడాదిగా రాయితీ రావడం లేదంటూ కూలి మానుకుని మరీ మా చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరిగింది. చివరికి ఆధార్ నంబరుతో వెతికిస్తే, సిమ్ కార్డుకు వేలిముద్ర వేసిన రోజున తెరుచుకున్న ఖాతా ఒకటి బయటపడింది. అది తనకుందని ఆమెకే తెలియదు. డబ్బంతా అందులోనే ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చేసింది. మొదటి రోజే వెతికించలేదని నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు ఆధార్ వెబ్‌సైటులో లాగిన్ అయితే బ్యాంకు సీడింగ్ స్థితి కనిపిస్తుంది. మార్చుకోవాలంటే కావలసిన బ్యాంకులో సమ్మతి పత్రం ఇవ్వాలి, ఏజెన్సీలో కాదు. పాత ఖాతాలో పడిన డబ్బును అక్కడినుంచే తీసుకోవాలి.

అపోహ: రాయితీ ఆగిందంటే నా ఖాతాలోనే లోపం.

వాస్తవం: ఉజ్వల (పేద మహిళలకు గ్యాస్ ఇచ్చే కేంద్ర పథకం) కాని సాధారణ కనెక్షన్లకు 2020 మధ్యనుంచి కేంద్ర రాయితీ చాలాచోట్ల సున్నా అయింది, కొన్నిచోట్ల నామమాత్రంగా మిగిలింది. మీ తప్పేమీ లేదు, కంగారు పడకండి. ఉజ్వల వారికి 2022 మేలో సిలిండరుకు 200 రూపాయలు ప్రకటించారు, 2023 అక్టోబరులో దాన్ని 300 చేశారు. అవి పడకపోతే మాత్రం వెంటనే సీడింగ్ చూసుకోండి.

ఇక ‘ఈ లింకు నొక్కితే ఆగిన రాయితీ వస్తుంది’ అనే సందేశాలు శుద్ధ అబద్ధం. దయచేసి ఇంకొకరికి పంపకండి. గ్యాస్ కనెక్షన్‌కు ఆధార్‌తో చేసే ఈ-కేవైసీకి రుసుము లేదు; సిలిండరు తెచ్చే అబ్బాయి తన ఫోనులోనే చేస్తాడు.