ఇళ్లకన్నా ముందు వచ్చిన అంగళ్లు

ఒమాహా, నెబ్రాస్కా

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

పోయిన వారం ఫోనులో నేను ఇక్కడి పాతకాలపు ఊళ్ల సంగతి చెబుతూ ఉంటే మీలో చిన్నవాడు ఒక ప్రశ్న వేశాడు: "ఇళ్లే లేని చోట కొట్టు పెట్టినవాడు ఎవరికి అమ్ముకున్నాడు తాతయ్యా?" అప్పటికి ఏదో చెప్పి దాటవేశాను గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మన వైపు ముందు చెరువు, చెరువు కింద పొలం, పొలం గట్టున ఊరు, ఊరు కాస్త పెరిగాక కిరాణా కొట్టు. ఇక్కడి మైదానంలో ఆ వరుస చాలాచోట్ల తలకిందులైంది. ఎలాగో వివరంగా రాస్తున్నాను. పెద్దవాళ్లు చదివి చిన్నవాళ్లకు చెప్పండి.

మీ అత్తయ్యా మామయ్యా నన్ను గ్రాండ్ ఐలాండ్ అనే ఊరికి తీసుకువెళ్లారు. అక్కడి స్టూర్ మ్యూజియంలో 1890ల నాటి చిన్న ఊరు ఒకదాన్ని "రైల్‌రోడ్ టౌన్" అనే పేరుతో నిలబెట్టి ఉంచారు. చుట్టూ ప్రెయిరీ, అంటే చెట్లు ఏటి ఒడ్డున తప్ప దాదాపు కనిపించని విశాలమైన గడ్డిమైదానం. ఇదంతా ఖాళీగా పడి ఉన్న నేల అని పాత రాతల్లో కనిపిస్తుంది, దాన్ని నమ్మకండి. ప్లాట్, లూప్ నదుల ఒడ్డున పానీ జాతివారు మొక్కజొన్న పండించుకుంటూ, ఏడాదికి రెండుసార్లు అడవిదున్నల వేటకు వెళ్లి వస్తూ తరతరాలుగా బతికారు. 1870లలో వారిని ఇప్పటి ఓక్లహోమాకు పంపేశారు. నేను చెప్పబోయే వ్యాపారమంతా అలా చేజిక్కిన నేల మీద జరిగింది.

1862లో వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఇరవై ఒక్కేళ్లు నిండిన అమెరికా పౌరులు గాని, పౌరులం కాబోతున్నామని ప్రకటించినవారు గాని చిన్న రుసుము కట్టి 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే ఆ భూమి వారిదవుతుంది. కాని పండిన గోధుమను ఎక్కడికి తోలాలి? రైలు కావాలి. అందుకని రైలు కంపెనీలు పట్టాలు వేసుకుంటూ పోతూ, సుమారు 7 నుంచి 10 మైళ్లకు ఒక స్టేషను, స్టేషనుకు ఒక ఊరు చొప్పున కాగితం మీద గీసుకుంటూ పోయాయి. తెల్లవారుజామున బండి కట్టిన రైతు ధాన్యం అమ్ముకుని చీకటి పడేలోగా ఇల్లు చేరాలన్నది ఆ లెక్క. ఈ నెబ్రాస్కాలోనే బర్లింగ్టన్ కంపెనీ వేసిన దారిలో ఊళ్ల పేర్లు చూడండి: క్రీట్, డార్చెస్టర్, ఎక్సెటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్, ఇన్‌లాండ్, జూనియాటా, కెనెసా, లోవెల్. ఇంగ్లీషు అక్షరాల వరుసలో సి నుంచి ఎల్ దాకా రాసి చూసుకుంటే గుట్టు మీకే తెలుస్తుంది. ఆ నేలను ఎరిగినవాళ్లు పెట్టుకున్న పేర్లు కావివి. అక్షరమాల ముందు పెట్టుకుని ఎవరో వరుసగా తగిలించినవి.

చిన్నవాడి ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. కాగితం మీది ఆ ఊళ్లో స్థలాలు అమ్మకానికి పెట్టినప్పుడు, స్టేషనుకు ఎదురుగా ఉన్న పెద్ద వీధిలో స్థలాల కోసం ఎగబడినవాళ్లు వ్యాపారులే. రైలు వస్తుంది, రైలు వెనక రైతులు వస్తారు, రైతులకు మేకులూ ఉప్పూ కావాలి అని వాళ్ల లెక్క. చేతిలో ఉన్న డబ్బంతా పెట్టి, రేపు రాబోయే మనుషుల మీద పందెం కాశారు. కొందరు గెలిచారు. చాలామంది దుకాణాన్ని బండి మీదికెక్కించి ఇంకో ఊరికి తరలిపోయారు. ఊరికే అలంకారంగా అనడం లేదు. కట్టడం మొత్తాన్ని దుంగల మీదికెత్తి, గుర్రాల చేతో ఎడ్ల చేతో లాగించి, పక్క ఊళ్లో దించడం అప్పట్లో ఇక్కడ మామూలు విషయం.

మొదట దిగినవాళ్లలో కలప అడితి పెట్టినవాడు ఒకడు. మైదానంలో చెట్లు లేవు కనుక రైతులు గడ్డివేళ్లతో పెనవేసుకున్న మట్టిని పెద్ద ఇటుకల్లా కోసి గోడలు పెట్టుకున్నారు. ఆ ఇంటికీ తలుపుకు, దూలానికి కలప కావాలి. అది విస్కాన్సిన్, మిన్నెసోటా అడవుల నుంచి రైల్లో వచ్చేది. వీధిలోని దుకాణాలకు ముందు గోడ మాత్రం రెండంతస్తుల ఎత్తున లేపి, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు రాయించి, వెనక ఒక్క గదితో సరిపెట్టేవారు. నాకు మన సినిమా సెట్టింగులు గుర్తుకొచ్చి నవ్వొచ్చింది గాని, ఎవరూ లేని చోట ఊరు ఉన్నట్టు కనిపించాలంటే అదొక ఉపాయమే మరి. ఇంకొక విడ్డూరం వినండి. పంట చేతికి రాకముందు చాలామంది రైతులు మొదట అమ్ముకున్న సరుకు ఎముకలు. వేటగాళ్లు చంపి వదిలేసిన అడవిదున్నల ఎముకలు మైదానమంతా తెల్లగా పడి ఉంటే, వాటిని ఏరి బండికెత్తి స్టేషను దగ్గర అమ్మేవారు. అవి తూర్పు నగరాలకు వెళ్లి ఎరువుగానూ, పంచదారను తెల్లబరిచే బొగ్గుగానూ మారేవి.

ఇక కిరాణా కొట్టు. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే నేను కొట్టులో పెరిగినవాణ్ణి. పిండి, ఉప్పు, బెల్లపు పాకంలాంటి మొలాసిస్, కిరసనాయిలు, మేకులు, బూట్లు, మందుసీసాలు అన్నీ ఒకే గదిలో. అచ్చు పువ్వుల నూలుగుడ్డను ఇక్కడ కాలికో అంటారు. ఆ మాట మన కోళికోడ్ పట్నం పేరు నుంచి వచ్చింది, గుడ్డ మాత్రం అప్పటికి అమెరికా మిల్లుల్లోనే నేసేవారు. కాఫీ గింజలను ఒకప్పుడు పచ్చివే కొని ఇంట్లో వేయించుకునేవారు. ఆర్బకిల్ సోదరులు గింజలను వేయించి, వాసన పోకుండా గుడ్డుసొనా పంచదారా పూతపూసి, ఒక్కో పౌండు పొట్లాలుగా కట్టి పంపడం మొదలుపెట్టాక మైదానమంతా ఆ పొట్లాలే. ప్రతి పొట్లంలోనూ ఒక పిప్పరమెంటు పుల్ల పెట్టేవారు. కాఫీ ఎవరు మరపట్టాలో ఇంట్లో పిల్లలు పోట్లాడుకుని ఉంటారు.

రైతు చేతిలో డబ్బు కనిపించేది ఏడాదికి ఒకసారి, గోధుమ అమ్మినప్పుడు. మిగతా రోజుల్లో ఇంటి ఇల్లాలు తెచ్చిన గుడ్లూ వెన్నా షావుకారు తీసుకుని, వాటి విలువకు సరిపడా సరుకు ఇచ్చేవాడు. చాలా ఇళ్లు ఎండాకాలమంతా గడిచింది ఆ ఆడవాళ్ల కోళ్ల మీద, ఆవుల మీద. ఈ మాట చరిత్ర రాసేవాళ్లు గట్టిగా చెప్పరు గనుక నేను చెబుతున్నాను. చాలనిది పద్దు పుస్తకంలోకి ఎక్కేది. మీ ముత్తాత చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు రాసేవారు, అటక మీద ఇప్పటికీ ఉండాలి. నాన్నను అడిగి ఒకసారి దింపించి చూడండి. ఏ రోజుకారోజు బేరం ఒక దాంట్లో, ఎవరి బాకీ వారిది మరొక దాంట్లో. ఇక్కడి షావుకారు పద్ధతీ అచ్చం అదే. అరువు ధర రొక్కం ధరకన్నా ఎక్కువ ఉండేది. అది అన్యాయమని రైతులు తిట్టుకునేవారు; కాని షావుకారు కూడా షికాగో, ఒమాహా టోకు వ్యాపారుల దగ్గర అరువు మీదే సరుకు తెచ్చేవాడు.

ఈ గొలుసు ఎలా తెగుతుందో 1874 వేసవిలో తెలిసింది. ఆ ఏడాది రాకీ పర్వతాల మిడతలు డకోటా నుంచి టెక్సస్ దాకా మేఘంలా దిగాయి. పంటతో ఆగలేదు, పనిముట్ల కర్ర పిడులకు పట్టిన చెమట ఉప్పు కోసం వాటినీ కొరికేశాయి. పంట పోయిన రైతు బాకీ తీర్చలేదు, బాకీ రాని షావుకారు టోకు వ్యాపారికి కట్టలేదు. గట్టిగా అడిగితే రైతు బండెక్కి తూర్పుకు వెళ్లిపోతాడు. అప్పుడు బాకీతో పాటు బేరమూ పోతుంది. కనుక మరుసటి పంట దాకా ఇంకొంచెం అరువిచ్చి కూర్చోవడం తప్ప అతనికి దారి లేదు. దయ అనుకుంటారో, గత్యంతరం లేకపోవడం అనుకుంటారో మీ ఇష్టం. కొట్టు గల్లాపెట్టె పక్కన కూర్చున్న నాకు ఆ రెండూ ఎప్పుడూ వేరువేరుగా కనిపించలేదు.

రైల్‌రోడ్ టౌన్‌లో నేను ఎక్కువసేపు నిలబడ్డది కమ్మరి కొలిమి దగ్గర. తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు అన్నీ మన కమ్మరి దగ్గర చూసినవే. అక్కడి కమ్మరికి పెద్ద పని నాగటి కర్రు. ఎన్నడూ దున్నని ఆ నేల గడ్డివేళ్లతో ఎంత బిగువుగా ఉండేదంటే కర్రు త్వరగా మొద్దుబారేది. మళ్లీ కాల్చి, సాగగొట్టి, పదును పెట్టాలి. తడి నల్లమట్టి పోత ఇనుప నాగలికి అంటుకుని వదిలేది కాదు. 1837లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని గ్రాండ్ డిటూర్ అనే ఊళ్లో జాన్ డీర్ అనే కమ్మరి, విరిగిన రంపపు ఉక్కుతో నునుపైన నాగలి చేశాడు, మట్టి జారిపోయింది. మన పొలాల్లో ఈనాడు తిరిగే ఆకుపచ్చ ట్రాక్టర్ల మీద ఉన్నది ఆ కమ్మరి పేరే.

బండి చక్రాలు ఇంకో పెద్ద పని. వేసవి ఎండకు చక్రపు కర్ర ఎండి కుంచించుకుపోయి ఇనుప పట్టా వదులయ్యేది. దాన్ని ఊడదీసి, కాస్త కురచ చేసి, ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు గుమ్మరిస్తే పట్టా బిగుసుకుని కర్రలన్నిటినీ పట్టుకుంటుంది. చిన్నప్పుడు మా ఊరి చెరువుగట్టున ఈ పని చూడటానికి బడి ఎగ్గొట్టి వెళ్లేవాణ్ణి. ఈ సంగతి మీ నాన్నకు చెప్పకండి.

మిగతా వీధి త్వరగా చూపిస్తాను. గుర్రాలనూ బళ్లనూ అద్దెకిచ్చే సాల ఒకటి. జీనులు, పగ్గాలు కుట్టేవాడు ఒకడు. మంగలి దుకాణం, టోపీలు అలంకరించి అమ్మే ఆవిడ దుకాణం, భర్త పోయిన ఇల్లాలు నడిపే భోజనశాల. కుర్చీలూ మంచాలూ అమ్మేవాడే తరచుగా శవపేటికలు కూడా అమ్మి, అంత్యక్రియలు జరిపించేవాడు. చిన్న ఊళ్లో ఒక్క పనితో పొట్ట నిండదు. నాకు అన్నిటికన్నా వింతగా తోచింది పత్రిక. మూడు వందలమంది లేని ఊరికి సొంత వారపత్రిక! చాలాచోట్ల దాన్ని బతికించింది చందాదారులు కారు. చందా కింద బంగాళాదుంపలూ పొయ్యిలోకి కట్టెలూ తెచ్చేవారు వాళ్లు. అయిదేళ్లు నిండి భూమి తన పేర రాయించుకోబోయే ప్రతి రైతూ, సాక్షుల పేర్లతో సహా స్థానిక పత్రికలో ప్రకటన వేయించాలని 1879 నుంచి చట్టం ఉండేది. ఆ ప్రకటనల రుసుమే పత్రికకు తిండి. లోకవార్తలు, కథలు ఒకవైపు ముందే అచ్చయిన కాగితాలు షికాగో వంటి చోట్ల నుంచి వచ్చేవి; రెండో వైపు ఊరి కబుర్లు అచ్చువేసుకోవడమే సంపాదకుడి పని.

వీధి చివర పట్టాల పక్కన ఎత్తుగా నిలిచింది ఎలివేటర్. అంటే మనుషులెక్కే లిఫ్టు కాదు, ధాన్యపు గోదాము. బెల్టుకు కట్టిన చిన్న తొట్లు గోధుమను పైకెత్తి గాదెల్లో పోస్తే, కింద గొట్టం తెరవగానే అది నీళ్లలా పారి రైలుపెట్టెలో పడుతుంది. తూకం వేసేదీ, రకం నిర్ణయించేదీ ఎలివేటరు మనిషే కనుక తగాదాలన్నీ అక్కడే. ఆ కోపంలోంచే రైతుసంఘాలు బలపడ్డాయి. గోదాముల రుసుములపై ప్రభుత్వం అదుపు పెట్టవచ్చని 1877లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తరవాత ఉత్తర డకోటా రైతులు ఇంకా ముందుకు వెళ్లి, 1919లో రాష్ట్ర ప్రభుత్వం చేతే బ్యాంకు పెట్టించారు, 1922లో పిండిమిల్లు తెరిపించారు. రెండూ నేటికీ నడుస్తున్నాయి.

రైలు తెచ్చిన కొట్టుకు రైలే పోటీ తెచ్చింది. 1872లో షికాగోలో మాంట్‌గొమరీ వార్డ్ అనే ఆయన ధరల పట్టిక అచ్చువేసి, రొక్కం పంపితే సరుకు రైల్లో పంపుతానన్నాడు. 1886లో మిన్నెసోటాలోని నార్త్ రెడ్‌వుడ్ స్టేషనులో ఏజెంటుగా ఉన్న రిచర్డ్ సియర్స్, ఊరి వ్యాపారి వద్దని తిరగగొట్టిన గడియారాల పెట్టెను తాను తీసుకుని తోటి ఏజెంట్లకు అమ్మాడు. ఆ బేరమే ఇటుకంత లావు క్యాటలాగు పంపే కంపెనీ అయింది. 1896 నుంచి టపా పొలాల్లోని ఇళ్లకే రావడం, 1913 నుంచి పార్సిళ్లు కూడా టపాలోనే రావడం మొదలయ్యాక, ఊరి షావుకార్లు గగ్గోలు పెట్టారు. క్యాటలాగువాడు మిడతల ఏడాది అరువిస్తాడా అని వాళ్లు అడిగింది తప్పేమీ కాదు. ఇరుసు ధర కొట్టులోకన్నా తక్కువని రైతు అన్నదీ తప్పు కాదు.

చివరగా ఒక ఊరి సంగతి. కాన్సస్‌లో సాలమన్ నది ఒడ్డున 1877లో, బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారు కెంటకీ నుంచి వచ్చి నికోడెమస్ అనే ఊరు కట్టుకున్నారు. మొదట నేలలో తవ్వుకున్న గుంతల్లాంటి ఇళ్లలో ఉన్నారు. పదేళ్లలోగా కొట్లు, హోటళ్లు, బ్యాంకు, రెండు పత్రికలు వచ్చాయి. మనుషులు వచ్చారు, పంట వచ్చింది, అంగళ్లు వచ్చాయి. ఒక్క రైలే రావాలి. 1888లో అది నదికి అవతలి ఒడ్డున వెళ్లింది. వ్యాపారుల్లో చాలామంది నది దాటి, రైలు పక్కన పుట్టిన బోగ్ అనే ఊరికి దుకాణాలు మార్చుకున్నారు. నికోడెమస్ మిగిలింది, 1996లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఏటా జూలై చివర్లో ఆ మొదటివాళ్ల మునిమనవలు దూరదూరాల నుంచి అక్కడికి చేరి పండగ చేసుకుంటారు. ఈసారి ఆ రోజుల్లో అటు తీసుకువెళతానని మీ అత్తయ్య మాట ఇచ్చింది; వెళ్లి వచ్చాక అక్కడ చూసింది మరో ఉత్తరంలో రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య