వెండా పెద్ద ఎంఫెఫు: క్లాసులో నేను తరచూ వినే అపోహలు

ఆఫ్రికా చరిత్ర పాఠంలో దక్షిణాఫ్రికా రాగానే అందరూ మండేలా దగ్గర ఆగిపోతారు. నేను కావాలనే ప్యాట్రిక్ ఎంఫెఫు పేరు ఎత్తుతాను. ఈయన వెండా తెగలో వారసత్వ పెద్ద. వర్ణవివక్ష ప్రభుత్వం ఆ తెగ కోసమని విడదీసిన వెండా ప్రాంతానికి తర్వాత ముఖ్యమంత్రి అయ్యాడు, ఆపైన అధ్యక్షుడయ్యాడు.

అపోహ: పెద్దింటివాడు కాబట్టి జనం ఓట్లు గుద్దేశారు.

మన దగ్గర జమీందారీ కుటుంబాలవాళ్లు గెలవడం చూశాం కదా, అలా అనిపించడం సహజమే. కానీ ఎంఫెఫు పార్టీ రెండుసార్లూ ఓడింది. 1973లో సభలో 60 సీట్లుంటే ఎన్నిక జరిగింది 18కే. వాటిలో 13 బాల్డ్విన్ ముదావు నడిపిన ప్రతిపక్షానికి వెళ్లాయి. 1978లో 84 సీట్లకు గాను 42కి పోలింగ్ జరిగితే 31 ప్రతిపక్షానివే. అయినా కుర్చీ దిగింది లేదు! మిగతా సీట్లలో ఓటుతో పని లేకుండా వచ్చిన తెగపెద్దలు, నామినేటెడ్ సభ్యులు కూర్చున్నారు మరి. అదీ చాలదన్నట్టు 1978లో ప్రతిపక్ష సభ్యుల్ని పట్టుకెళ్లి నిర్బంధించారు. ఈ లెక్క బోర్డు మీద వేసిన ప్రతిసారీ, "ఇంకెందుకు సార్ ఎలక్షన్లు?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

అపోహ: వాళ్ల ఆచారమే అంత, పెద్ద మాటే శాసనం.

ఈ మాట వింటే నాకు కాస్త చిరాకు. వెండా పెద్ద ఒంటరిగా ఏలేవాడు కాదు. ఖోరో అనే సభలో మాట్లాడాలి, ఇంట్లో మఖాద్జి మాట వినాలి. మఖాద్జి అంటే మేనత్త. వారసుడెవరో తేల్చడంలో ఆమెది పెద్ద చెయ్యి. పైగా త్షివాసే, ఎంఫఫూలి వంటి వేరే పెద్దిళ్లు కూడా ఉన్నాయి, వాళ్లేమీ ఎంఫెఫు చెప్పుచేతల్లో ఉన్నవాళ్లు కాదు. 1951లో వర్ణవివక్ష ప్రభుత్వం తెచ్చిన బంటు అథారిటీస్ చట్టంతో పెద్దలు ప్రిటోరియాలోని ఆ ప్రభుత్వం చేతి కిందికి వచ్చారు. పైవాళ్ల అండ ఉంటే కిందివాళ్లను లెక్కచేయకపోయినా నడిచిపోయేది. దాన్ని పాత ఆచారం అనడం అన్యాయం.

అపోహ: 1979లో వెండా స్వతంత్ర దేశమైంది.

సెప్టెంబర్ 13న జెండా ఎగిరింది, నిజమే. కానీ దక్షిణాఫ్రికా, అది సృష్టించిన అలాంటి ప్రాంతాలు తప్ప ఎవరూ గుర్తించలేదు. అసలు దెబ్బ వేరే ఉంది. జోహన్నెస్‌బర్గ్‌లో బతుకుతున్న వెండావాళ్లను కూడా వెండా పౌరులుగా లెక్కగట్టడంతో వాళ్లు రాత్రికి రాత్రి దక్షిణాఫ్రికా పౌరసత్వం పోగొట్టుకున్నారు.

అపోహ: ఆయన పోవడంతో కథ అయిపోయింది.

ఎంఫెఫు 1988లో పదవిలో ఉండగానే చనిపోయాడు. 1990లో సైన్యం అధికారం లాక్కుంది, 1994లో వెండా తిరిగి దక్షిణాఫ్రికాలో కలిసింది. కానీ పెద్దరికం గొడవ మాత్రం మిగిలింది. 2012లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఎంఫెఫు ఇంటి నుంచి టోనీ అనే ఆయన్ని వెండా రాజుగా గుర్తిస్తే, ఎంఫెఫు మనవరాలు మాసిండి కోర్టుకెక్కింది. ఆడపిల్లనని తనను పక్కన పెట్టారన్నది ఆమె వాదన.