జూలైలో వాన పాఠం

నెల్లూరు బడికి జూన్, జూలై ఇంకా ఎండల నెలలే. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నడుమ ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. ఒంగోలు కోస్తాలోనూ పెద్ద వానలు అప్పుడే. నెలవారీ సిలబస్ మాత్రం రాష్ట్రమంతటికీ ఒక్కటే. మొలకల పాఠం జూలైలో పడిందంటే, కుండీలో వేసిన పెసలు ఆదివారం ఒక్కరోజు నీళ్లు తప్పినా మాడిపోతాయి.

ఊరి సంగతులు పాఠంలోకి రావాలన్నది పాత మాటే. బ్రిటిష్ సాయంతో 1984లో మొదలైన ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) చెప్పిన ఆరు సూత్రాల్లో పరిసరాలను వాడుకోవడం ఒకటి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది. అది పెద్దల బడే అయినా, బతుకులోంచి తీసిన పాఠానికి ఎంత బలముంటుందో ఈ జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1996లో డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) వచ్చింది, బోధనోపకరణాలకు టీచరుకు ఏటా 500 రూపాయలిచ్చింది. చాలాచోట్ల ఆ డబ్బు అచ్చు చార్టులైంది. 2012లో పుస్తకాలు మారాయి, 2020 తర్వాత మళ్లీ మారాయి. అన్నిటినీ తట్టుకుని నిలిచింది మాత్రం 'సిలబస్ ఎంతవరకైంది?' అన్న ప్రశ్న.

ఆ ప్రశ్నకు భయపడటానికి కారణం ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకు ఏటా 200 పనిదినాలు, 800 బోధన గంటలు, అంటే రోజుకు 4 గంటలు. 1, 2 తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మిగతా మూడింటికి నాలుగేసి, మొత్తం 18. టీచరు ఒక్కరే అయితే ఒక్కోదానికి 13 నిమిషాలు. తరగతులు కలిపి చెప్పక తప్పదు. 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించిన 2022 నాటి జీవో 117 కూడా 2025లో వెనక్కి పోయింది. ఏకోపాధ్యాయ బడిలో లెక్క లెక్కలాగే ఉంది.

మొలకలు, వాన లాంటి పాఠాన్నే అక్టోబరుకు జరిపితే చిక్కు వేరు. ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షకు ప్రశ్నపత్రం పైనుంచి వస్తుంది, చెప్పని పాఠం మీద ప్రశ్న పడుతుంది. అందుకే పాఠం జూలైలోనే ముగించి, చేయించే పనిని మాత్రం అక్టోబరుకు పెట్టుకోవాలి. వార్షిక ప్రణాళికలో ఆ పాఠానికి రెండు తేదీలు రాయాలి. నవంబరు, డిసెంబరుల్లో తుపాను సెలవులకు పది రోజులైనా ఖాళీ వదలాలి.

అలా అక్టోబరుకు పెట్టుకోదగ్గ పనుల్లో వానమాపకం ఖర్చులేనిది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి, ఆ ముక్కను తిరగేసి సీసా మీదే గరాటాలా అమర్చాలి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, పక్కలు నిటారుగా మొదలయ్యేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత గీయాలి. ఈ గీత లేకే చాలా బళ్లలో లెక్క తప్పుతుంది. చెట్టు కింద, చూరు కింద పెట్టకూడదు. రోజూ ఉదయం 8.30కి స్కేలుతో మిల్లీమీటర్లు చూసి, నీళ్లు మళ్లీ గీత దాకా తేవాలి. వాతావరణ శాఖ కొలిచేదీ ఆ వేళకే కనుక పేపర్లో వచ్చే అంకెతో పోల్చుకోవచ్చు. మూడో తరగతి కొలుస్తుంది, నాలుగు కూడుతుంది, ఐదు గ్రాఫు గీస్తుంది. పరిసరాల విజ్ఞానం, లెక్కలు రెండూ ఒకే పీరియడ్‌లో సాగుతాయి.