ఎర కుప్ప చుట్టూ: మిషిగన్ జింకల వేటలో తెగని తగాదా

నవంబర్ 15. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో తుపాకీతో జింకల వేట మొదలయ్యే రోజు. ఉత్తరాన కొన్ని ఊళ్లలో ఆ రోజు బడులకు సెలవు కూడా ఇస్తారు. సుమారు 6 లక్షల మంది జింక వేటకు లైసెన్సు తీసుకునే రాష్ట్రం అది. వేట రోజులు దగ్గర పడేకొద్దీ పెట్రోల్ బంకుల ముందు, రోడ్డు పక్క కొట్ల ముందు క్యారెట్ల సంచులు, షుగర్ బీట్ దుంపలు, మొక్కజొన్న బస్తాలు వరసగా పేర్చేవారు. చాలావరకు అది వంకర పోయో, విరిగో బజారుకు పనికిరాని సరుకు. కొనేది వేటగాళ్లు. దాన్ని అడవిలోకి మోసుకెళ్లి, మంచెకు ఎదురుగా పోసి, జింక వచ్చి తల వంచి తింటుండగా కాల్చేవారు.

ఇలా ఎర వేసి జింకను కొట్టడం చట్టబద్ధంగా ఉండాలా వద్దా అన్నది అక్కడ కొన్ని దశాబ్దాలుగా నడుస్తున్న తగాదా. వేట నిబంధనలు చేసే రాష్ట్ర సహజవనరుల కమిషన్ నిషేధించింది, తీసేసింది, మళ్లీ నిషేధించింది. చట్టసభ అడ్డుపడింది. గవర్నర్ వీటో చేశారు. బయటి నుంచి చూస్తే తుపాకులున్న వాళ్లలో వాళ్లు పడే గొడవలా కనిపిస్తుంది. లోపలికి వెళితే ఆ కథంతా ఒకే తొట్టిలో మూతి పెట్టిన జంతువులది. గాలికుంటు వచ్చిన ఎద్దును మిగతా పశువుల కుడితి తొట్టి దగ్గరకు రానివ్వకూడదని మన పల్లెల్లో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మిషిగన్ కథ అర్థం కావడానికి ఆ ఎరుక చాలు.

మన దేశంలో ఈ ప్రశ్నే రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఎర వేయడం ఉంది. ఉచ్చు పన్నినా, ఎర వేసినా, ఆ ప్రయత్నం చేసినా వేటాడినట్టే. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ జింకల వేట నేరం కాదు, ప్రభుత్వమే నడిపించే వ్యవహారం. అలా ఎందుకైందో తెలియాలంటే 1900 దాకా వెనక్కి వెళ్లాలి.

అప్పటికి మాంసం కోసం, తోళ్ల కోసం లెక్కాపత్రం లేకుండా చంపిన ఫలితంగా దేశం మొత్తం మీద తెల్లతోక జింకలు కొన్ని లక్షలకు పడిపోయాయి. చాలా రాష్ట్రాల్లో కనిపించడమే మానేశాయి. 1900లో వచ్చిన లేసీ చట్టం, దొంగతనంగా కొట్టిన జంతువులను రాష్ట్రాలు దాటించి అమ్మడాన్ని అడ్డుకుంది. అంతకుముందే, 1887లో, థియొడోర్ రూజ్‌వెల్ట్ చొరవతో పుట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అనే వేటగాళ్ల సంఘం ‘ఫెయిర్ చేజ్’ అన్న మాటను వాడుకలోకి తెచ్చింది. వేటలో జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలన్నదే ఆ మాట సారాంశం. 1935లో గింజలు చల్లి బాతులను కాల్చడాన్ని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. బాతులు వలస పక్షులు, రాష్ట్రాల సరిహద్దులు దాటి ఎగురుతాయి కాబట్టి కేంద్రానికి ఆ అధికారం ఉంది. జింక ఏ రాష్ట్రంలో తిరిగితే ఆ రాష్ట్రానిది. అందుకే బాతుకు ఎర వేస్తే దేశమంతటా తప్పు, జింకకు వేస్తే ఒక చోట తప్పు, పక్క రాష్ట్రంలో మామూలు విషయం. ఈ తేడా అప్పటి నుంచీ అలాగే ఉండిపోయింది.

కాపాడగా కాపాడగా జింకలు పెరిగాయి. ఇప్పుడు దేశంలో సుమారు 3 కోట్లు ఉంటాయని అంచనా. ఒక్క మిషిగన్‌లోనే ఏటా 50 వేలకు పైగా కార్లు జింకలను ఢీకొంటున్నాయి. నోవై, కాంటన్, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే మన తెలుగువాళ్లను అడగండి, చీకటి పడ్డాక రోడ్డు మీద జింక ఎదురైతే ఎంత టెన్షనో చెబుతారు. తోడేళ్లు, చిరుతల్లాంటివి చాలా చోట్ల లేకుండా పోయాయి కాబట్టి సంఖ్యను అదుపులో ఉంచే పని వేటగాళ్ల మీద పడింది. ఎర కావాలనే వాళ్ల మొదటి వాదన ఇక్కడి నుంచే వస్తుంది: జింకలను తగ్గించాలంటున్నారు కదా, మరి సులువుగా కొట్టే దారి ఎందుకు మూస్తారు?

అసలు కథ రాష్ట్రానికి ఈశాన్యంగా ఉన్న అల్పీనా, ఆల్కోనా, మాంట్‌మరెన్సీ, ఆస్కోడా కౌంటీలలో (మన జిల్లాల్లాంటివి) మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కలప కంపెనీలు అక్కడి అడవులను నరికేసి వెళ్లిపోయాయి. నేల ఇసుక నేల, వ్యవసాయానికి అంతగా పనికిరాదు. అలా చౌకగా దొరికిన వేల ఎకరాలను డెట్రాయిట్ వంటి పట్నాల సంపన్నులు వేట క్లబ్బులుగా చేసుకున్నారు. ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ క్లబ్ కంట్రీ అంటారు. చలికాలంలో మంచు పేరుకుని జింకలు ఆకలితో చచ్చిపోకుండా క్లబ్బులు మేత పెట్టడం మొదలుపెట్టాయి. క్యారెట్లు, దుంపలు, మొక్కజొన్న లారీల కొద్దీ తెచ్చి పోసేవి. పెట్టేవాళ్లలో జాలి ఉంది, తమ నేల మీద జింకలు నిండుగా ఉండాలన్న ఆశ కూడా ఉంది. ఆ నేల తన శక్తితో పోషించగలిగిన దానికి మించి జింకలు పోగయ్యాయి. చలికాలమంతా కుప్పల చుట్టూ ముక్కులు తాకించుకుంటూ బతికాయి. 1970ల తర్వాత క్లబ్బుల్లో లేని మామూలు వేటగాళ్లలో కూడా ఎర వేసే అలవాటు బాగా పాకింది.

1975లో ఆల్కోనా కౌంటీలో వేటగాడు కొట్టిన ఒక ఆడ జింకలో పశువుల క్షయ కనిపించింది. ఏదో ఒక్కదానికి వచ్చిందిలే అని అప్పుడు వదిలేశారు. ఆ నాటికి తెలిసిన దాన్ని బట్టి అది అర్థం చేసుకోదగ్గ పొరపాటే. అడవి జింకల్లో క్షయ దానంతట అది నిలవదని అందరూ నమ్మేవారు. పశువుల మందల్లో జబ్బు తుడిచిపెట్టేస్తే జింకల్లో కూడా పోతుందనుకున్నారు. 1979లో మిషిగన్ పశువులు క్షయ నుంచి విముక్తి పొందాయని కేంద్ర వ్యవసాయ శాఖ గుర్తింపు కూడా ఇచ్చింది.

1994 వేట కాలంలో అల్పీనా కౌంటీలో కొట్టిన ఒక మగ జింకను చీరుతుంటే ఛాతీ లోపల గడ్డలు కనిపించాయి. పరీక్షలో అదే క్షయ. ఈసారి చుట్టుపక్కల కొట్టిన జింకల తలలు సేకరించి వెతికారు. ఆ నాలుగు కౌంటీలు కలిసే చోట దాదాపు 5 శాతం జింకల్లో జబ్బు తేలింది. 1998లో పశువుల మందలో దొరికింది. 2000లో రాష్ట్రం ఆ గుర్తింపు కోల్పోయింది. అప్పటి నుంచి ఆ ప్రాంతంలో 70కి పైగా మందలకు జబ్బు సోకింది. ఒక మందలో క్షయ తేలితే చాలాసార్లు మందంతా చంపేయాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి పేరు పెట్టి పెంచుకున్న పాడి ఆవులను ఒకే రోజు లారీ ఎక్కించిన రైతు కుటుంబం బాధ ఈ చర్చలో ఎప్పుడూ తక్కువగానే వినిపిస్తుంది. జింకను చీరేటప్పుడు జబ్బు సోకిన వేటగాళ్లు కూడా కొందరున్నారు.

మిగతా చోట్ల నిలవని జబ్బు అక్కడే ఎందుకు నిలిచిందంటే, వేళ్లన్నీ కుప్పల వైపే చూపించాయి. అయోవా రాష్ట్రం ఏమ్స్‌లోని కేంద్ర పరిశోధన సంస్థలో దీన్ని నేరుగా పరీక్షించారు. జబ్బున్న జింకలు తిని వదిలిన మేతను ఆరోగ్యంగా ఉన్న జింకలకు పెట్టారు. రెండు గుంపులూ ఒకదాన్నొకటి తాకలేదు. అయినా జబ్బు అంటుకుంది. చొంగ పడ్డ మేత చాలు. పైగా ఆ క్రిమి గడ్డకట్టే చలిలో మేత మీద వారాల తరబడి బతుకుతుంది. మిషిగన్ నవంబర్ నుంచి మార్చి దాకా ఫ్రిజ్ లాంటిదే.

1990ల చివర్లో ఆ ప్రాంతంలో ఎర వేయడాన్ని, మేత పెట్టడాన్ని నిషేధించారు, జింకల సంఖ్యను కూడా తగ్గించారు. పదేళ్లలో జబ్బు 5 శాతం నుంచి సుమారు 2 శాతానికి దిగింది. ఆ తర్వాత అక్కడే ఆగిపోయింది. ఇక్కడ ఇరువైపుల వాళ్లకూ ఒక ఆధారం దొరికింది. నిషేధం పనిచేసిందని ఒకరు, పూర్తిగా పోలేదు కదా అని ఒకరు. చాటుగా ఎర వేయడం ఏనాడూ ఆగలేదన్నది మాత్రం అక్కడ తెలియనివారు లేరు.

ఇంతలో రెండో జబ్బు వచ్చింది. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, పొట్టిగా సీడబ్ల్యూడీ. 1967లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో, పరిశోధన కోసం కంచెలో పెంచుతున్న జింకల్లో మొదట కనిపించింది. జంతువు తింటూనే చిక్కిపోతుంది, చొంగ కారుస్తూ, తల వేలాడేసి, దిక్కు తెలియకుండా తిరిగి చచ్చిపోతుంది. 1978లో బెత్ విలియమ్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త ఇది మెదడును స్పాంజిలా తూట్లు పొడిచే జబ్బుల జాతికి చెందిందని తేల్చారు. మందు లేదు, టీకా లేదు. సోకిన ప్రతి జంతువూ చస్తుంది. దీన్ని తెచ్చేవి ప్రియాన్లు, అంటే వంకర తిరిగిన ప్రొటీన్లు. అవి చొంగలో, మలమూత్రాల్లో బయటికొచ్చి మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. మనిషికి సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు. అయినా సోకిన జింక మాంసం తినొద్దనే వైద్యాధికారులు చెబుతారు.

2002 ఫిబ్రవరిలో ఇది మిసిసిపీ నదికి తూర్పున మొదటిసారి, మిషిగన్ పొరుగునున్న విస్కాన్సిన్‌లో బయటపడింది. ఆ రాష్ట్రం అదే ఏడాది అత్యవసరంగా ఎరను నిషేధించింది. తర్వాత చట్టసభ దాన్ని సడలించి, జబ్బు కనిపించిన కౌంటీలు, వాటి దగ్గరి కౌంటీల వరకే పరిమితం చేసింది. మిగతా చోట్ల ఒక్కో స్థలంలో 2 గ్యాలన్లు, అంటే సుమారు ఏడున్నర లీటర్ల మేత పెట్టుకోవచ్చు. ఇప్పుడు నైరుతి విస్కాన్సిన్‌లో కొన్ని చోట్ల ఎదిగిన మగ జింకల్లో సగం దాకా ఈ జబ్బుతో ఉన్నాయి. ఎర ఒక్కటే కారణమని అనలేం. కానీ జబ్బు కనిపించాక నిషేధించడం అంటే, నిప్పు అంటుకున్నాక గడ్డివాము జరపడమే.

మిషిగన్‌లో 2008లో కెంట్ కౌంటీలో కంచెలో పెంచుతున్న ఒక జింకలో సీడబ్ల్యూడీ తేలింది. మిషిగన్ రెండు ద్వీపకల్పాలుగా ఉంటుంది; వెంటనే దక్షిణ ద్వీపకల్పం మొత్తం ఎర నిషేధించారు. అడవి జింకల్లో దొరకలేదు, వేటగాళ్ల ఒత్తిడి పెరిగింది, 2011లో క్షయ ప్రాంతం తప్ప మిగతా చోట్ల నిషేధం ఎత్తేశారు. నాలుగేళ్లకు, 2015లో, రాజధాని లాన్సింగ్ పక్కనే మెరిడియన్ టౌన్‌షిప్‌లో అడవి జింకలో జబ్బు దొరికింది. 2018లో సహజవనరుల కమిషన్ మళ్లీ ఓటు వేసి, 2019 జనవరి 31 నుంచి దక్షిణ ద్వీపకల్పంలో ఎర వేయడాన్ని, మేత పెట్టడాన్ని పూర్తిగా ఆపేసింది. ఈ నిబంధన వేటగాళ్లకే కాదు, పెరట్లోకి వచ్చిన జింకకు ముచ్చటపడి క్యారెట్ ముక్కలు వేసే ఇళ్లవాళ్లకూ వర్తిస్తుంది. అక్కడి మన కుటుంబాలు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

ఆ కమిషన్‌కు అంత అధికారం ఎలా వచ్చిందన్నది ఆసక్తికరమైన ముక్క. 1996 నవంబర్‌లో మిషిగన్ ప్రజల ముందుకు రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఒకటి, ఎలుగుబంట్లను ఎరతో, కుక్కలతో వేటాడటాన్ని నిషేధించాలని. రెండోది, వేట పద్ధతులను నిర్ణయించే అధికారం కమిషన్‌కే ఉండాలని, అది వీలైనంత మేరకు శాస్త్రీయ సూత్రాలను పాటించాలని. మొదటిది ఓడింది, రెండోది గెలిచింది. శాస్త్రం తేల్చాలి, భావోద్వేగం కాదు అని ఆనాడు వాదించి గెలిచిన వాళ్లలో వేటగాళ్లే ముందున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత అదే శాస్త్రం ఎర వద్దన్నప్పుడు, వాళ్లలో చాలామంది చట్టసభ తలుపు తట్టారు. నిషేధాన్ని రద్దు చేసే బిల్లు ఉభయ సభల్లోనూ నెగ్గింది. 2020 జూన్‌లో గవర్నర్ గ్రెచెన్ విట్మర్ దాన్ని వీటో చేశారు. ఆ తర్వాత కూడా అలాంటి ప్రయత్నాలు ఆగలేదు.

ఎర కావాలనే వాళ్లను తీసిపారేయడం తప్పు. వయసు మళ్లిన వాళ్లు, మోకాళ్లు సహకరించని వాళ్లు అడవంతా తిరగలేరు. పదెకరాల చెలక మాత్రమే ఉన్న మనిషికి జింక తన వైపు రావడమే గగనం. జింక ఆగి తింటుంటే గురి కుదురుతుంది, గాయపడి పారిపోయి నరకయాతన పడదు అన్న మాటలోనూ నిజాయితీ ఉంది. వికలాంగ వేటగాళ్లకు ప్రత్యేక రోజుల్లో ఎర వాడుకునే మినహాయింపును మిషిగన్ నిషేధంలోనే ఉంచింది, అది సబబే. దుంపలు, క్యారెట్లు అమ్ముకునే రైతుల నష్టం కూడా ఊహించుకున్నది కాదు.

దక్షిణాది రాష్ట్రాల దారి మరోలా ఉంది. టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుది, మొక్కజొన్న చిమ్మే యంత్రాలు అక్కడ వేటలో భాగమైపోయాయి. జార్జియా 2011లో దక్షిణ భాగంలో, 2018లో ఉత్తరాన కూడా ప్రైవేటు భూముల్లో ఎరను అనుమతించింది. అలబామా 2019లో ఎరకు విడిగా ఒక లైసెన్సు పెట్టి రుసుము వసూలు మొదలుపెట్టింది. మూడేళ్లకు, 2022 జనవరిలో, అక్కడా సీడబ్ల్యూడీ బయటపడింది. దక్షిణ కరొలైనా ఉదాహరణ నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. అక్కడ తీరప్రాంతంలో ఎర చట్టబద్ధం, ఎగువ ప్రాంతంలో నిషిద్ధం. రాష్ట్ర అధికారులు రెండింటినీ పోల్చి చూశారు. చదరపు మైలుకు ఎక్కువ జింకలు చిక్కింది ఎర లేని చోటే. కుప్పకు అలవాటు పడిన జింక కడుపు నింపుకోవడానికి ఎక్కువ తిరగదు, మనిషి వాసన పసిగట్టి చీకటి పడ్డాకే వస్తుంది. జింకలను తగ్గించాలంటే ఎర కావాలన్న వాదనకు ఇది నేరుగా తగిలే దెబ్బ. అయినా 2013లో చట్టసభ ఎగువ ప్రాంతంలోని ప్రైవేటు భూముల్లో కూడా అనుమతి ఇచ్చేసింది. పక్కవాడు వేస్తున్నాడు, మనం వేయకపోతే జింకలన్నీ అటే పోతాయన్న భయం లెక్కల కంటే బలమైంది.

మిషిగన్‌లో ఇప్పటికి ఉన్న ఏర్పాటు ఇది. రెండు ద్వీపకల్పాలను కలిపే మ్యాకినా వంతెనకు దక్షిణాన ఎర నేరం. వంతెన దాటి ఉత్తరాన షరతులతో ఒప్పుకుంటారు: ఒక చోట 2 గ్యాలన్లు మించకూడదు, కుప్ప పోయకుండా కనీసం పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పున చల్లాలి. ఆ ఉత్తర భాగంలోనూ, డికిన్సన్ కౌంటీలో, 2018 అక్టోబర్‌లో ఒక జింకలో సీడబ్ల్యూడీ దొరికింది.